సోడియం ఊరికే ఇవ్వదు

అమ్మాయీ,

రసాయన బంధం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు ఈ పాఠం తెలుగులో విడమరిచి చెప్పాలని పూనుకున్నందుకే నాకు చాలా సంతోషం. వాక్యాలు హాయిగా సాగాయి. అయితే ఒక్కచోట ఆగిపోయాను. "సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు సంతోషంగా ఇచ్చేస్తుంది, అష్టకం (బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) నిండి రెండూ స్థిరపడతాయి" అన్నావు. ఇది చదవడానికి తేలికే. కానీ దీన్ని నమ్మిన పిల్లవాడికి ఆ తర్వాతి పాఠం ఏదీ ఎక్కదు.

లెక్క వేసి చూడు. వాయుస్థితిలోని సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగాలంటే మోల్‌కు 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. అది క్లోరిన్‌లో చేరినప్పుడు వెనక్కి వచ్చేది 349. ఇంకా 147 లోటే! కథ అక్కడితో అయిపోతే ఉప్పు అనేదే ఉండదు. ఆ లోటు పూడ్చేది అయాన్ల మధ్య ఆకర్షణ. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు సర్దుకుని స్ఫటికం కట్టినప్పుడు దాదాపు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. లోహాన్ని ఆవిరి చేయడానికి, క్లోరిన్ అణువును విడగొట్టడానికి అయ్యే ఖర్చు కూడా తీసేసినా నాలుగు వందల పైచిలుకు మిగులుతుంది. ఉప్పు నిలబడింది ఆ మిగులు మీద. ఈ లెక్కకు పేజీ పట్టినా సరే, పెట్టు. చోటు చాలకపోతే చరిత్ర తగ్గించు. 1916లో లూయిస్, కోసెల్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్లతో బంధాన్ని వివరించే ఈ దారిని ఎవరికి వారు వేశారని ఒక్క వాక్యం చాలు.

అష్టక నియమాన్ని వదిలేయమనడం లేదు. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల దగ్గర అది బాగా పనికొస్తుంది. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరు ఎలక్ట్రాన్లే అన్న సంగతి మాత్రం ఆ పక్కనే చెప్పు, వేరే అధ్యాయానికి దాచకు.

"బంధంలో శక్తి దాగి ఉంటుంది, తెగితే బయటికొస్తుంది" అన్న వాక్యం కొట్టేయ్. రెండు హైడ్రోజన్ పరమాణువులు 74 పికోమీటర్ల దూరానికి చేరి బంధం కట్టినప్పుడే మోల్‌కు 436 కిలోజౌళ్లు బయటికొస్తాయి. తెంచాలంటే అంతా తిరిగి పెట్టాల్సిందే.

అణువుల ఆకృతి దగ్గర మాత్రం తొందరపడకు. కాగితం మీద చుక్కలు పెట్టి గీస్తే నీటి అణువు తిన్నటి గీతలా కనిపిస్తుంది. నిజంగా అలాగే ఉంటే, కార్బన్ డయాక్సైడ్‌లో లాగా రెండు వైపుల ధ్రువత్వం (ఒక కొస ధనావేశం వైపు, ఇంకో కొస ఋణావేశం వైపు మొగ్గడం) ఒకదాన్నొకటి రద్దు చేసుకునేది. నీరు ఉప్పును ఇలా కరిగించేది కాదు. ఈ ప్రశ్న ముందు పిల్లల్నే అడుగు. తర్వాత నాలుగు బెలూన్లు ఊది, మూతులు కలిపి గట్టిగా కట్టమను. ఎవరూ సర్దకుండానే అవి చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఘనం) ఆకారంలో విచ్చుకుంటాయి. ఒక్కో బెలూన్ ఒక ఎలక్ట్రాన్ జంట అనుకోమను. మీథేన్‌లో కోణం 109.5 డిగ్రీలు. ఇప్పుడు రెండు బెలూన్లను కాస్త పెద్దవిగా ఊదమను. అవి నీటిలోని ఆక్సిజన్ మీది ఒంటరి జంటలు, అంటే బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంటలు. మిగతా రెండూ దగ్గరికి నెట్టుకుపోవడం పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. ఒక ఒంటరి జంట ఉన్న అమోనియాలో కోణం 107, రెండున్న నీటిలో 104.5. గిలెస్పీ, నైహోమ్‌లు 1957లో తీర్చిదిద్దిన ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం ఇదే.

సంకరీకరణం, అంటే పరమాణువులోని ఆర్బిటాళ్లను (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లను) కలిపి కొత్తవిగా లెక్కగట్టడం, దీని తర్వాతే రావాలి. "ఎస్‌పీ3 సంకరీకరణం వల్ల ఈ ఆకారం వచ్చింది" అని రాయకు. ఆకారాన్ని వర్ణించడానికి మనం వాడే పద్ధతి అది.

ఇంటర్ పిల్లల కోసం చివర్లో ద్రవ ఆక్సిజన్ గురించి రాయి. అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే అది అక్కడే అతుక్కుని వేలాడుతుంది. అంటే అందులో జతపడని ఎలక్ట్రాన్లు ఉన్నాయి. చుక్కలతో గీసే లూయిస్ బొమ్మలో మాత్రం అన్నీ జంటలే కనిపిస్తాయి. ఎలక్ట్రాన్లు అణువంతటా పరుచుకుని ఉంటాయనే అణు ఆర్బిటాల్ సిద్ధాంతం ఎందుకు కావాల్సివచ్చిందో అక్కడ మొదలుపెట్టి చెప్పు.

తిరగరాశాక పంపు. బొమ్మలు నువ్వే గీయి, ఒంటరి జంటలు వదలకు.