కాలు కింద పెడితే చాలు, నొప్పి

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ తుంటి ఎముకకు పాకింది. రెండు నెలల క్రితం రేడియేషన్ ఇచ్చారు. పడుకుంటే పర్వాలేదు గానీ కాలు కింద పెడితే అరుస్తుంది. చిన్న రంధ్రాల్లోంచి సిమెంటు, స్క్రూలు పెడదామంటున్నారు డాక్టర్లు. క్యాన్సర్ ఎలాగూ పూర్తిగా పోదన్నప్పుడు ఇదంతా అవసరమా?

జవాబు: పడుకుంటే పర్వాలేదన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. కదలకుండా ఉన్నా రాత్రంతా సలిపే నొప్పి ఎక్కువగా కణితి వల్ల వస్తుంది, దానికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది, కాకపోతే ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. బరువు మోపినప్పుడే వచ్చే నొప్పి వేరు. తుంటి కీలు కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని క్యాన్సర్ తినేసి గుల్ల చేస్తే ఆ ఎముక ఒంటి బరువు మోయలేదు, రేడియేషన్ ఆ గుల్లను వెంటనే పూడ్చలేదు. మీ అమ్మగారిది ఇదే అనిపిస్తోంది, స్కాన్ చూసిన మీ డాక్టర్లదే చివరి మాట అనుకోండి.

మత్తు ఇచ్చి, సీటీ లేదా ఎక్స్‌రేలో చూస్తూ ఎముకలోకి సూది పంపుతారు. చాలాసార్లు ముందు కణితిని వేడితో కాల్చడమో, అతి చలితో మంచులా గడ్డకట్టించి చంపడమో చేస్తారు. తర్వాత ఎక్కించే సిమెంటు ముద్దలా లోపలికి వెళ్లి నిమిషాల్లో గట్టిపడుతుంది. నొక్కుడుకు అది బాగా ఆగుతుంది, మెలితిప్పుడుకు ఆగదు, అందుకే స్క్రూలు కూడా అంటున్నారు. పెద్ద కోత లేదు కాబట్టి చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే నిలబడతారు, గాయం మానేదాకా క్యాన్సర్ మందులు వారాల తరబడి ఆపాల్సిన అవసరమూ సాధారణంగా రాదు.

ఇబ్బందులు అసలే లేవని చెప్పను. సిమెంటు కీలులోకి కారవచ్చు, పక్కనే ఉన్న నరం దెబ్బతినవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఎముక ఇప్పటికే బాగా విరిగి కీలు పక్కకు జరిగిపోతే ఈ పద్ధతి సరిపోకపోవచ్చు కూడా. ఆ సంగతి డాక్టర్‌ని సూటిగా అడగండి.

ఇది క్యాన్సర్‌ని పోగొట్టడానికి కాదండీ, అమ్మ తనంతట తాను లేచి బాత్రూమ్‌కి వెళ్లడానికి. నా దృష్టిలో అది చిన్న విషయం కానే కాదు. నిర్ణయం తీసుకునేలోపు ఆ కాలి మీద బరువు వేయనివ్వకండి, వాకర్ పట్టుకోమనండి. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.