కుట్లు, అల్లికలు, మనసుకు ఊరట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం నాది. పని ముగించి లేచాక కూడా బుర్రలో అవే అంకెలు తిరుగుతుంటాయి. రాత్రి ఫోను చూస్తూ కూర్చుంటే పొద్దు గడుస్తోంది కానీ అలసట తీరడం లేదు. క్రోషా అల్లడమో, రంగులు వేయడమో మొదలుపెట్టమని మిత్రులు సలహా ఇస్తున్నారు. దానివల్ల నిజంగా ఒత్తిడి తగ్గుతుందా, లేక ఇదంతా నాలుగు రోజుల మోజేనా? పైగా చిన్నప్పటి నుంచీ నాకు బొమ్మ గీయడం చేతకాదు.

జవాబు: తగ్గుతుందనే చెప్పాలి. అయితే అందరికీ తగ్గదు, ఏ పని చేసినా తగ్గుతుందనీ కాదు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది పెద్దవారికి మట్టి, రంగు పెన్నులు, అతికించడానికి కాగితాలు ఇచ్చి, 45 నిమిషాల పాటు ఏది చేయాలనిపిస్తే అది చేసుకోమన్నారు. అంతకు ముందూ ఆ తరువాతా వారి లాలాజలాన్ని సేకరించి, ఒత్తిడిలో ఉన్నప్పుడు పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ను కొలిచారు. దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. కళలో ముందే ప్రవేశం ఉన్నవారికీ, ఎన్నడూ కుంచె పట్టనివారికీ మధ్య ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కనుక, బొమ్మ గీయడం చేతకాదన్న మీ సంకోచాన్ని పక్కన పెట్టవచ్చు. ఇది చిన్న అధ్యయనమనీ, కార్టిసాల్ మామూలుగానే పొద్దుటి నుంచి సాయంత్రానికి తగ్గుతూ వస్తుందనీ మరచిపోకూడదు. మిగిలిన నాలుగో వంతు మందిలో అది తగ్గలేదన్న సంగతి కూడా నా దృష్టిలో అంతే ముఖ్యం, ఎందుకంటే ఎవరికి ఏ పని నప్పుతుందో చేసి చూస్తే తప్ప తెలియదు.

జరిగిన సంగతినే మళ్ళీ మళ్ళీ తలచుకుని కుమిలిపోవడానికి కూడా మనసుకు కొంత ధ్యాస కావాలి. చేతులు, కళ్ళు కలిసి ఒక చిన్న పనిలో నిమగ్నమైనప్పుడు ఆ ధ్యాసలో చాలా భాగం కుట్టు మీదికి మళ్ళుతుంది. ఫోను అలా చేయదు. అది క్షణానికొక కొత్త విషయాన్ని ముందుకు తెచ్చి, ప్రతిదానికీ స్పందించమంటుంది. అల్లికలో తదుపరి కుట్టు ఎలా ఉంటుందో ముందే తెలుసు, తప్పు జరిగితే విప్పుకోవచ్చు, అరగంట గడిచేసరికి నాలుగు వేళ్ళ వెడల్పున అల్లిన ముక్క కళ్ళ ముందు ఉంటుంది. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే ఆందోళన కలుగుతాయనీ, నైపుణ్యానికి సరితూగే పనిలోనే మనిషి తనను తాను మరచిపోతాడనీ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి చెప్పినది ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది.

ఏది ఎంచుకోవాలన్న విషయంలో 2005 నాటి మరో ప్రయోగం పనికివస్తుంది. అందులో 84 మంది విద్యార్థులకు ముందుగా కొంత ఆందోళన కలిగించి, తరువాత కొందరికి వలయాకారపు మండల చిత్రాన్ని, కొందరికి గళ్ళ నమూనాను, మిగిలినవారికి తెల్లకాగితాన్ని ఇచ్చి రంగులు వేయమన్నారు. మొదటి రెండు బృందాలలోనూ ఆందోళన తగ్గింది, తెల్లకాగితం అందుకున్నవారిలో అంతగా తగ్గలేదు. ఏం గీయాలన్న ప్రశ్నే అలసిన మనసుకు మరో భారమై ఉంటుందని నా అభిప్రాయం. కనుక మొదట్లో నిర్ణయాలు తక్కువగా, చేసిందే చేయడం ఎక్కువగా ఉండే పనిని ఎంచుకోండి. అంకెల నుంచి తప్పించుకోవాలనుకునే మీకు, గళ్ళు లెక్కపెడుతూ కుట్టవలసిన క్రాస్ స్టిచ్ మాత్రం వద్దు. మూడేసి కుట్ల గుంపులతో నడిమి నుంచి అంచులకు పెరిగే చదరపు క్రోషా ముక్క నయం. దానికి 5 మిల్లీమీటర్ల క్రోషా సూది, మధ్యస్థమైన మందంతో లేత రంగులో ఉన్న నున్నటి ఊలు తీసుకోండి. ముదురు రంగు ఊలులో కుట్టు కనిపించదు, నూగు ఉన్న ఊలును విప్పడం కష్టం. నేర్చుకునే మొదటి రోజుల్లో విశ్రాంతికి బదులు చిరాకే ఎక్కువగా ఉంటుంది. చేతికి అలవాటయ్యాకే ఊరట మొదలవుతుంది కనుక, రెండో రోజునే ఇది నాకు సరిపడదని తేల్చేయకండి.

ప్రశ్న: ఒత్తిడి తగ్గుతుందని ఎంబ్రాయిడరీ, ఊలు అల్లిక మొదలుపెట్టాను. ఇప్పుడు సగంలో ఆగిపోయినవి ఒక సంచి నిండా ఉన్నాయి. కుట్టు కాస్త వంకరగా వస్తే మొత్తం విప్పేస్తాను. ఆ సంచిని చూస్తేనే గుండె బరువెక్కుతోంది.

జవాబు: విశ్రాంతి కోసం చేసే పనికి గడువునూ, మార్కులనూ మీరే తగిలించుకున్నారు. సంచిలోని వాటన్నింటినీ ఒకసారి బయటికి తీసి, ఇప్పటికీ చేయాలనిపించేది ఒక్కటే ఉంచుకోండి. మిగిలిన ఊలును మొహమాటం లేకుండా విప్పి, చిలపగా చుట్టి, నీళ్ళలో తడిపి ఆరేస్తే మెలికలు పోయి మళ్ళీ పనికొస్తుంది. గుడ్డ మీది కుట్టును అలాగే ఎవరికైనా ఇచ్చేయవచ్చు. మొదలుపెట్టిన ప్రతిదాన్నీ పూర్తిచేసి తీరాలన్న నియమం ఉద్యోగానికి తగినదే కానీ, సాయంత్రపు కాలక్షేపానికి దానితో పని లేదు.

వంకర కుట్ల విషయంలో ఒక హద్దు పెట్టుకుంటే మేలు. అల్లికలో జారిపోయిన కుట్టును వదిలేస్తే నిలువునా ఊడిపోతూ వస్తుంది కాబట్టి దాన్ని సరిదిద్దక తప్పదు. ఎంబ్రాయిడరీలో ఒక కాడకుట్టు పక్కదానికంటే కాస్త పొడుగైతే గుడ్డకు వచ్చే నష్టమేమీ లేదు. ఊడిపోయేదాన్ని విప్పి సరిచేయండి, అందం తగ్గినదాన్ని వదిలేయండి. మీ స్వభావానికి ఇది మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. ఎవరికీ చూపించనవసరం లేని ఒక ముతక గుడ్డను విడిగా పెట్టుకుని, దాని మీద విప్పకుండా కుట్టడాన్ని అభ్యాసం చేయండి. లేచే ముందు వరుస ముగించాలన్న పట్టుదల వద్దు. సగం వరుసలో ఆపితే మరునాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించే పని ఉండదు.

ప్రశ్న: నేను అల్లిన బొమ్మలు బాగున్నాయని తెలిసినవారు డబ్బిచ్చి చేయించుకుంటామంటున్నారు. ఒప్పుకోమంటారా?

జవాబు: డబ్బు అవసరమైతే నిస్సంకోచంగా ఒప్పుకోండి, అందులో తప్పేమీ లేదు. ఒత్తిడి తగ్గించుకోవడానికి అల్లుతున్నట్లయితే మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. 1973లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, బొమ్మలు వేయడమంటే మొదటి నుంచీ ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి వేయించారు. కొద్ది రోజుల తరువాత ఎవరూ చెప్పకుండానే ఎంతసేపు బొమ్మలు వేస్తారో గమనిస్తే, ఆ పిల్లలు మిగిలినవారు వెచ్చించిన సమయంలో దాదాపు సగమే దానిమీద గడిపారు. అనుకోకుండా పత్రం అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. ఆశ చూపి చేయించిన పని అంతటితో ఆటగా మిగలదన్నమాట. చేసిపెట్టిన బొమ్మల్లోంచి కావలసినది తీసుకొమ్మనండి. ఫలానా రంగులో, ఫలానా తేదీకి కావాలన్న కోరికలను ఒప్పుకోకండి.

ప్రశ్న: గంటల తరబడి అల్లితే మణికట్టు లాగుతోంది. అల్లిక మానేయాలా?

జవాబు: మానేయనక్కరలేదు కానీ, గంటల తరబడి అల్లడం మానుకోండి. ఇరవై నిమిషాలకొకసారి సూది కింద పెట్టి, వేళ్ళు చాపి, దూరంగా ఉన్నదేదైనా కాసేపు చూడండి. పిడి లావుగా ఉన్న సూది వాడితే గట్టిగా బిగించి పట్టనవసరం ఉండదు. మోచేతుల కింద దిండు పెట్టుకుంటే మెడ, భుజాలకు కూడా హాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతుంటే, ముఖ్యంగా రాత్రిపూట ఆ తిమ్మిరికి మెలకువ వస్తుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నదేమో వైద్యుడికి చూపించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకు కుట్లు, అల్లికలంటే ప్రాణం. ఈ మధ్య సూది ముట్టడం లేదు, దేనిమీదా ఆసక్తి లేదంటోంది, సరిగా నిద్రపోవడం లేదు. కొత్త ఊలు, మంచి నమూనాలు తెచ్చిపెట్టినా తెరిచి చూడలేదు. ఏదైనా అల్లిక బృందంలో చేర్పిస్తే మారుతుందా?

జవాబు: ముందుగా ఆమెను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఎంతో ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర చెడటం రెండు వారాలకు మించి కొనసాగితే అది డిప్రెషన్ లక్షణం కావచ్చు. థైరాయిడ్ లోపం, చూపు మందగించడం వంటి కారణాలనూ పరీక్షించి చూడాలి. సూదిలో దారం ఎక్కించలేక, ఆ మాట చెప్పుకోలేక పక్కన పెట్టేసేవారు కూడా ఉంటారు. చేతిపనులు మామూలు ఒత్తిడికి ఊరటనిస్తాయి, చికిత్సకు తోడుగానూ నిలుస్తాయి, చికిత్స స్థానంలో మాత్రం పనికిరావు. ఇంగ్లండ్‌లో 7,000 మందికి పైగా పెద్దల సమాచారాన్ని పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో చేతిపనులు చేసేవారిలో సంతోషం, జీవితం సార్థకమన్న భావన ఎక్కువగా కనిపించినా, ఒంటరితనం విషయంలో అలాంటి తేడా కనిపించలేదు. ఒంటరిగా కూర్చుని అల్లితే తోడు దొరకదు కదా! ఆ లెక్కన మీ బృందం ఆలోచన మంచిదే, కానీ చికిత్స మొదలై ఆమెకు కాస్త ఓపిక వచ్చేవరకు ఆగండి. ఈలోగా అల్లమని బలవంతం చేయవద్దు. ఆమెకు ఓపిక ఉన్నప్పుడు మీరే సూది పట్టుకుని పక్కన కూర్చుని, రాని కుట్టు ఒకటి చూపించమని అడగండి. చూపించలేనంటే ఆ మాటను అక్కడితో వదిలేయండి.