కంప్యూటరు గది తాళంచెవి

చిరంజీవి అమ్మాయికి అనంతపురం నుండి ఆశీస్సులతో వ్రాయునది.

కళ్యాణదుర్గం వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్సు టీచరుగా చేరావనీ, కంప్యూటరు గది బాధ్యత కూడా నీకే అప్పగించారనీ తెలిసి సంతోషించాను. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో ఆ గది తాళమే తీయడం లేదని రాశావు. నా సర్వీసులో నేను చూసినంతవరకు, పిల్లలు వాడినందువల్ల పాడైన కంప్యూటర్లు తక్కువ. దుమ్ముకూ, ఎలుకలకూ, కరెంటు ఎగుడుదిగుళ్లకూ పోయినవే ఎక్కువ. కాబట్టి ముందుగా హెడ్మాస్టరు గారిని అడిగి తాళంచెవి తీసుకో. స్టాక్ రిజిస్టరు ముందు పెట్టుకుని, ఏది పనిచేస్తున్నదో ఏది పనిచేయడం లేదో రాసి ఆయన సంతకం చేయించుకో. ఆ కాగితం ఉంటే ధైర్యంగా వాడవచ్చు.

సైన్సునూ కంప్యూటరునూ రెండు వేరు పీరియడ్లుగా చూడవద్దు. 1984లో, బడుల్లో కంప్యూటరు చదువు కోసం పెట్టిన క్లాస్ (CLASS) పథకం కింద కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చిన నాటి నుండి నేటి ట్యాబుల వరకు మన పొరపాటు ఒకటే: యంత్రం వాడకం నేర్పుతాం గానీ, దానికి అప్పగించడానికి పిల్లల వద్ద సొంత లెక్క ఏదీ ఉండదు.

మన జిల్లాలో అందుకు వానను మించినది లేదు. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా పెట్టించు. అడుగున గులకరాళ్లు వేసి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటి వరకు నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయించు. పైన చేరిన ప్రతి మిల్లీమీటరూ చదరపు మీటరు నేలపై ఒక లీటరు వాన. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8:30కి కొలత రాయించు. ఏడాది తిరిగాక ఆ అంకెలను పిల్లలే స్ప్రెడ్‌షీటులో ఎక్కించి సగటు తీయాలి. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. అనంతపురం ఏటి సగటు సుమారు 550 మిల్లీమీటర్లని చదువుకుంటాం గానీ, వానంతా నాలుగైదు రోజుల్లో కురిసి, వేరుశనగ ఊడలు దిగే వేళ ఇరవై రోజులు మొగం చాటేసినా ఆ సగటు అలాగే ఉండవచ్చు. వరుసగా వాన లేని రోజులను లెక్కించే చిన్న ప్రోగ్రాము ఈ సంగతిని బయటపెడుతుంది. లూప్ అంటే, యంత్రం చేత ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం అంటే, ఏమిటో నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పినా అర్థం కానిది, ఒక రైతుబిడ్డ "వాన పడితే లెక్క మళ్లీ సున్నా నుండి కదా సార్" అన్న రోజున తరగతికంతా తేలిపోయింది.

ఎండతోనూ ఇటువంటి పాఠం చెప్పవచ్చు. మన వైపు ఏటా రెండుసార్లు మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఏప్రిల్ చివరిది వేసవి సెలవుల్లో పోతుంది. రెండవది ఆగస్టు పదిహేనుకు రెండు మూడు రోజుల ముందు, జెండా పండుగ హడావుడిలో వస్తుంది. 12 గంటలకు నీడ ఉందని పిల్లలు నిన్ను చూసి నవ్వితే నవ్వనీ. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి అయిదు డిగ్రీలు పడమర; ఆ రోజుల్లో సూర్యుడు కూడా గడియారం కంటే నాలుగైదు నిమిషాలు వెనకబడి ఉంటాడు. కనుక 12:25 దాటేవరకు ఆగాలి. ఆ ఆలస్యం ఎందుకో వాళ్ల చేతనే లెక్క వేయించు.

ఆమ్లం విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. నీళ్లలో ఆమ్లం పోయాలి గాని ఆమ్లంలో నీళ్లు పోయరాదని పాఠం చెప్పిన నేనే, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు తొందరలో తిరగేసి పోశాను. ఆ మచ్చ ఇంకా ముంజేతి మీద ఉంది.

ఆన్‌లైన్ హాజరు, ఫోటోలు పంపడం వంటి పనులు తప్పవు; వాటిని పొద్దున్నే ముగించుకో.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీ వాన పుస్తకం తీసుకురా. మా బడి పిల్లలు రాసినవి రెండు నా దగ్గర ఉన్నాయి, ఇస్తాను. తప్పు కొలతలను చెరపనివ్వలేదు గనుక, కొట్టివేసిన అంకెలు వాటిలో కనిపిస్తూనే ఉంటాయి.