పాఠకుల ప్రశ్నలు: ఆక్స్‌ఫర్డ్ మెర్టన్ కాలేజీ సంగతి

ప్రశ్న: మా అన్నయ్య కూతురు ప్లస్ టూ మొదటి ఏడు చదువుతోంది. ఆక్స్‌ఫర్డ్‌లో మెర్టన్ కాలేజీకి దరఖాస్తు పెడతానంటోంది. మా ఊరి కృష్ణచంద్ర గజపతి కాలేజీ బరంపురం యూనివర్సిటీ కింద ఉంది కదా, అక్కడా అంతేనా? మెర్టనే అన్నిటికన్నా పాతదా? దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: పరీక్షలు, పట్టా అక్కడా యూనివర్సిటీవే. లెక్చర్లు, ల్యాబులూ చాలావరకు దానివే. కానీ పిల్లల్ని ఎంపిక చేసి చేర్చుకునేదీ, గదీ భోజనమూ చూసేదీ, ట్యుటోరియల్ పెట్టేదీ కాలేజీ. ట్యుటోరియల్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు అధ్యాపకుడి ఎదుట కూర్చుని, తాము రాసిచ్చిన వ్యాసాన్నో చేసిన లెక్కల్నో సమర్థించుకోవాలి. టర్ము ఎనిమిది వారాలే, ఒక వారం వెనకబడితే అందుకోవడం కష్టం. బట్టీ చదువుకి అలవాటుపడ్డ పిల్లలు తడబడేది ఇక్కడే.

పాతదనం విషయంలో మూడు కాలేజీలు పోటీ పడతాయి. ‘యూనివర్సిటీ కాలేజీ’ అనే పేరున్న కాలేజీకి 1249 నాటి విరాళం ఉంది, బేలియల్ కాలేజీ తనది 1263 అంటుంది. 1264లో నిబంధనావళితో సహా మొదలైంది మాత్రం మెర్టనే. ఇంగ్లండు రాజు దగ్గర ఛాన్సలర్‌గా, అంటే ఉన్నత మంత్రిగా, చేసిన వాల్టర్ డి మెర్టన్, గుడికి మాన్యం రాసినట్టు, తన భూముల ఆదాయాన్ని దానికి రాసిచ్చాడు. 1284లో కేంబ్రిడ్జిలో వెలసిన పీటర్‌హౌస్ కాలేజీకి ఆ నిబంధనలే నమూనా. 1370లలో కట్టిన గ్రంథాలయంలో ఇప్పటికీ చదువుకుంటున్నారు. ఆడపిల్లల్ని మాత్రం 1980లో గానీ చేర్చుకోలేదు.

అమ్మాయి ఫిజిక్స్ పుస్తకంలో ఒక సూత్రం ఉంటుంది: త్వరణం ఒకే తీరుగా ఉంటే, తొలి తుది వేగాల సగటును కాలంతో గుణిస్తే దూరం వస్తుంది. గెలీలియో తన పుస్తకంలో ఈ సూత్రాన్ని రాయడానికి దాదాపు 300 ఏళ్ల ముందే మెర్టన్ పండితులు దీన్ని, బీజగణిత గుర్తులేవీ లేని రోజుల్లో, మాటల్లోనే చెప్పారు. ఆ కాలేజీ గురించి అమ్మాయికి చెప్పదగ్గ విషయం ఇదే.

ఇక దరఖాస్తు. చాలామంది ప్లస్ టూ ఫలితాలొచ్చాక మొదలుపెడతారు, అప్పటికి ఆ ఏటి గడువు దాటిపోతుంది. రెండో ఏడు చదువుతుండగానే, అక్టోబర్ 15 లోపు, బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తులన్నీ తీసుకునే సంస్థ యూకాస్ (UCAS) వెబ్‌సైట్‌లో పంపాలి. లండన్ టైం సాయంత్రం 6, అంటే మనకి రాత్రి 10:30. రాబోయే మార్కుల అంచనా, సిఫార్సు ఉత్తరం స్కూలు ఇవ్వాలి కాబట్టి ఆగస్టులోనే అడగండి. ప్రవేశ పరీక్ష ఉన్న సబ్జెక్టయితే దానికి విడిగా నమోదు చేసుకోవాలి, అది మరిచిపోతే దరఖాస్తు చెల్లదు. ఒకే ఏడాది ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండింటికీ పెట్టడం కుదరదు. కోరిన సబ్జెక్టు మెర్టన్‌లో ఉందో లేదో, అమ్మాయి చదివే బోర్డును యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ఈ వేసవిలోనే చూసుకోండి. బోర్డు దగ్గర చిక్కొస్తే మార్గం వెతుక్కోవడానికి వ్యవధి ఉంటుంది.