బీమ్ వాళ్లే ఇస్తారు కదా, మళ్లీ మేం కొలవడం ఎందుకు?

ప్రశ్న: సార్, మేం ఐదుగురం ఇంటర్ సెకండియర్. సెర్న్ (జెనీవా దగ్గరున్న కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల) వాళ్లు స్కూలు పిల్లలకి పెట్టే 'బీమ్‌లైన్ ఫర్ స్కూల్స్' పోటీకి ప్రపోజల్ రాస్తున్నాం. రకరకాల మెటీరియల్స్ అడ్డం పెట్టి బీమ్‌లో (కణాల ధారలో) వచ్చే పయాన్లు, అంటే ప్రోటాన్ కంటే తేలికైన ఒక రకం కణాలు, ఎన్ని ఆగిపోతాయో చూద్దామని మా ఐడియా. మా ఫిజిక్స్ సార్ ఏమో ముందు బీమ్‌ని ఎలా కొలుస్తారో రాయండి, మిగతాది తర్వాత అంటున్నారు. బీమ్ వాళ్లే ఇస్తున్నప్పుడు మళ్లీ కొలవడం ఎందుకు సార్?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టమ్మా. అక్కడ మీకు ఉత్త పయాన్ల బీమ్ అంటూ ఎవరూ ఇవ్వరు. సెర్న్‌లో 1959 నుంచి నడుస్తున్న ప్రోటాన్ సింక్రోట్రాన్ ఉంది కదా, దాన్నుంచి 24 జీఈవీ (జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు, ఇక్కడ మొమెంటమ్‌నీ ఇందులోనే చెప్తారు) ప్రోటాన్లు వచ్చి ఒక టార్గెట్‌ని గుద్దుతాయి, ఆ దెబ్బకి పయాన్లు, కేయాన్లు అనే మరో రకం కణాలు, ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు అన్నీ కలిసి బయటికొస్తాయి, వాటిలో కొన్నిటిని మాగ్నెట్లతో వంచి టీ9 అనే లైన్‌లోకి పంపుతారు. మాగ్నెట్ ఏరేది మొమెంటమ్‌నీ చార్జినీ మాత్రమే. ప్లస్ 2 జీఈవీ అని సెట్ చేస్తే ఆ మొమెంటమ్ ఉన్న ప్రోటానూ వస్తుంది, పయానూ వస్తుంది, పాజిట్రానూ (ప్లస్ చార్జి ఉన్న ఎలక్ట్రాన్ లాంటిది) వస్తుంది. మీ మెటీరియల్‌లో ఆగిపోయింది ఏదో తెలీకుండా గ్రాఫ్ గీస్తే దానికి అర్థమేముంటుంది?

అందుకే మొదటి కొలత, బీమ్‌లో ఏవి ఎంతెంత ఉన్నాయి అన్నది. 10 మీటర్ల దూరంలో రెండు సింటిలేటర్లు (కణం తగిలితే మెరిసే డిటెక్టర్లు) పెట్టి ప్రయాణానికి పట్టే టైమ్ చూడండి. 2 జీఈవీ దగ్గర పయాన్‌కి దాదాపు 33.4 నానోసెకన్లు, ప్రోటాన్‌కి 36.8 పడుతుంది, అంత తేడా అయితే హాయిగా విడిపోతాయి. అదే 10 జీఈవీకి వెళ్లారనుకోండి, తేడా 0.15 నానోసెకన్ కూడా ఉండదు, గ్రాఫ్‌లో రెంటి శిఖరాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇక పాజిట్రాన్‌నీ పయాన్‌నీ టైమ్‌తో విడదీయడం 2 జీఈవీ దగ్గరే కష్టం. దానికి చెరెంకోవ్ కౌంటర్ కావాలి, గ్యాస్‌లో కాంతి వేగాన్ని మించి వెళ్లే కణం ఇచ్చే వెలుగుని అది పట్టుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ మామూలు ప్రెషర్‌లో నింపితే పయాన్ సుమారు 5 జీఈవీ దాటాకే వెలుగిస్తుంది, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ మాత్రం 20 ఎంఈవీ (జీఈవీలో వెయ్యో వంతు ఒక ఎంఈవీ) దగ్గరే మొదలుపెడతాయి. అంటే 3 జీఈవీ దగ్గర ఆ కౌంటర్ వెలిగితే అది పయాన్ కాదు, లెక్కలోంచి తీసెయ్యొచ్చు. గ్యాస్ ప్రెషర్ పెంచితే ఈ హద్దు కిందికి దిగుతుంది, కాబట్టి ఏ మొమెంటమ్‌కి ఎంత ప్రెషర్ అన్నది ప్రపోజల్‌లోనే టేబుల్ వేసి పెట్టండి, చదివేవాళ్లకి మీరు నిజంగా ఆలోచించారని అక్కడే అర్థమవుతుంది.

కేయాన్లు కూడా చూద్దామని ఆశ ఉంటే తక్కువ మొమెంటమ్ జోలికి పోకండి. 2 జీఈవీ కేయాన్లు 50 మీటర్లు వచ్చేసరికి దారిలోనే వేరే కణాలుగా విరిగిపోయి వందకి నాలుగు కూడా మిగలవు.

ఇప్పుడు అసలు విషయం, టైమ్. దీన్ని చాలామంది ఆఖర్న రాస్తారు, నన్నడిగితే ముందు రాయాల్సింది ఇదే. ఎన్ కణాలు లెక్కపెడితే వచ్చే ఎర్రర్ రూట్ ఎన్ కదా, ఒక శాతం కావాలంటే 10,000 పయాన్లు కావాలి. బీమ్ ఆగకుండా రాదు, స్పిల్ స్పిల్‌గా, అంటే విడతలు విడతలుగా వస్తుంది, ఒక్కోటి సుమారు 0.4 సెకన్. స్పిల్‌కి పనికొచ్చే పయాన్లు 500, అరనిమిషానికొక స్పిల్ అనుకుందాం. ఒక సెట్టింగ్‌కి 20 స్పిల్స్, అంటే 10 నిమిషాలు. 5 మెటీరియల్స్, 4 మందాలు, 3 మొమెంటమ్‌లు అంటే 60 సెట్టింగ్‌లు, అప్పుడే 10 గంటలయ్యాయి. ఇందులో బీమ్ కొలతలు లేవు, మెటీరియల్ మార్చడానికి పట్టే టైమూ లేదు. బీమ్ ఆపకుండా లోపలికి ఎవర్నీ పోనివ్వరు, ప్రతి మార్పుకీ ఆపాలి, తలుపు తీయాలి, మళ్లీ తాళం వేయాలి. మొమెంటమ్ మార్చడం అయితే కంట్రోల్ రూమ్ నుంచే అయిపోతుంది. అందుకని ఒక ముక్క పెట్టి మూడు మొమెంటమ్‌లూ చూసేసి, అప్పుడే రెండోది పెట్టండి, ఈ వరస ఒక్కటి మార్చుకుంటే చాలా టైమ్ మిగులుతుంది.

ఏ మెటీరియలూ పెట్టకుండా ఖాళీగా తీసే రన్ మాత్రం మర్చిపోవద్దు. గాలిలో, డిటెక్టర్లలో పోయేవీ, దారిలో విరిగిపోయేవీ ఎలాగూ ఉంటాయి, ఆ ఖాళీ రన్ లెక్కని మినహాయించకపోతే అవన్నీ మీ మెటీరియల్ ఖాతాలో పడతాయి. రోజు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తీస్తే ఆ మధ్యలో బీమ్ మారిందా లేదా కూడా తెలుస్తుంది. బీమ్ గీతలా సన్నగా ఉండదు, సెంటీమీటర్లలో వెడల్పు ఉంటుంది, వైర్ ఛాంబర్‌తో (కణం ఎక్కడ తగిలిందో చెప్పే డిటెక్టర్) అది చూసుకుని మీ ముక్క అంతకంటే వెడల్పుగా ఉండేట్టు చూడండి.

భయపడొద్దమ్మా, 2018లో ముంబైలోని ఒక స్కూల్ టీమే ఈ పోటీ గెలిచి సెర్న్ వెళ్లింది. 

ప్రశ్న: డిటెక్టర్ ఎంత బాగా పనిచేస్తుందో బీమ్ లేకుండా మా కాలేజీలో చూడొచ్చా?
– ఒక లెక్చరర్, గుంటూరు

జవాబు: చూడొచ్చండి, ఆకాశం నుంచి మ్యువాన్లు అనే కణాలు ఎలాగూ పడుతూనే ఉన్నాయి, చదరపు సెంటీమీటర్‌కి నిమిషానికి సుమారు ఒకటి. మూడు సింటిలేటర్లు ఒకదాని మీద ఒకటి పెట్టండి, మధ్యది మిగతా రెంటికంటే కాస్త పెద్దదైతే మంచిది. పైదీ కిందదీ ఒకేసారి మోగినప్పుడల్లా మధ్యది వందకి ఎన్నిసార్లు మోగిందో లెక్కపెడితే అదే దాని ఎఫిషియెన్సీ. వోల్టేజ్ కొంచెం కొంచెం పెంచుతూ ఇదే మళ్లీ మళ్లీ తీయండి, ఒకచోట గ్రాఫ్ చదునవుతుంది, ఆ చదును మధ్యలో వోల్టేజ్ పెట్టుకోండి.