గుండె జబ్బు జీన్లు, మతిమరుపు: మీ ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తాడిపత్రి. మా నాయనకు 64 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేయించాం. మా జేజికి చివర్లో ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టలేనంత మతిమరుపు ఉండేది, అల్జీమర్స్ అన్నారు. గుండె జబ్బు జీన్లు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ కూడా వస్తుందని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఈమధ్య నాయన చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. నాకూ తమ్ముడికీ జీన్ టెస్ట్ చేయించాలా?

జవాబు: ముందు నాయన సంగతి చూడండి. వయసు వల్లలే అని వదిలేయకండి, అలాగని అల్జీమర్సేనని మీరే తేల్చేసుకోకండి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది, వీటికి మందులున్నాయి. చెవులు సరిగా వినబడకపోయినా అడిగిందే మళ్లీ అడుగుతారు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనో, మీకు తెలిసిన ఫిజీషియన్ దగ్గరో ఈ పరీక్షలు చేయించండి, అవసరమైతే వాళ్లే న్యూరాలజిస్టు దగ్గరికి పంపిస్తారు.

ఇక జీన్లు. 2018లో అమెరికా పరిశోధకులు 15 లక్షల మందికి పైగా డీఎన్ఏ సమాచారాన్ని పరిశీలిస్తే, గుండె జబ్బు ముప్పుతోనూ అల్జీమర్స్‌తోనూ ముడిపడిన చోట్లు డీఎన్ఏలో 90 కనిపించాయి. వేరే రోగుల సమాచారంతో సరిచూస్తే వాటిలో కొన్ని నిలబడ్డాయి. మీలాంటి వాళ్లు గమనించాల్సింది ఏమిటంటే, ఈ ఉమ్మడి జీన్లు ముఖ్యంగా రక్తంలో కొవ్వును నడిపించేవి, అంటే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్స్ అనే మరో రకం కొవ్వుకు సంబంధించినవి. షుగర్ జీన్లకూ, గుండె రక్తనాళాలు పూడిపోయే జబ్బు జీన్లకూ అల్జీమర్స్‌తో అంత సంబంధం కనిపించలేదు. కాబట్టి నాయనకు స్టెంట్ పడినంత మాత్రాన మీకు అల్జీమర్స్ రాసిపెట్టి ఉందని కాదు.

ఈ కొవ్వు జీన్లలో పెద్దది ఏపీఓఈ. అల్జీమర్స్‌తో దీని సంబంధం 1993లోనే బయటపడింది. రక్తంలోనూ మెదడులోనూ కొవ్వును మోసే ప్రొటీన్‌ను ఇది తయారు చేయిస్తుంది, 2, 3, 4 అని మూడు రకాలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. నాలుగో రకం ఉంటే ఎల్‌డీఎల్ పెరిగే అవకాశమూ ఎక్కువ, అల్జీమర్స్ ముప్పూ ఎక్కువ. అయినా అది ఉండి కూడా నిండు నూరేళ్లూ తెలివిగా బతికినవాళ్లున్నారు, లేకుండానే జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే మీ ఇద్దరికీ ఇప్పుడు ఆ టెస్ట్ వద్దంటాను. ఫలితం ఏదొచ్చినా నేను చెప్పేది మారదు, మీకు నిద్ర మాత్రం ఇంకా దూరమవుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి 60 దాటకముందే మతిమరుపు మొదలైతే అది వేరే సంగతి, అప్పుడు జెనెటిక్స్ నిపుణులను కలవాలి.

ఆ డబ్బుతో ఇద్దరూ లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వు పరీక్ష), షుగర్ పరీక్షలు చేయించుకుని, బీపీ చూపించుకోండి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ మతిమరుపు జబ్బులకు దారితీసే, మనం మార్చుకోగల కారణాలు 14 అని చెప్పింది, నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటాన్ని అప్పుడే ఆ జాబితాలో చేర్చారు. వీటన్నింటినీ అదుపు చేయగలిగితే 45 శాతం దాకా కేసులను తప్పించడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా. బీపీ, షుగర్, పొగతాగడం, వినికిడి లోపం కూడా అందులోవే. తమ్ముడికి బీడీ, సిగరెట్ అలవాటుంటే ఈ రోజే మాన్పించండి. ఉగ్గాని తినొద్దని నేననను, పక్కన బజ్జీ కాచిన నూనెనే రోజూ మళ్లీ కాచడం మాత్రం మానండి, ఊరగాయ తగ్గించండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే మతిమరుపు వస్తుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దు. మీకు మీరుగా అసలే ఆపొద్దు. అరుదుగా కొందరికి కాస్త మతిమరుపుగా అనిపించినా, మాత్ర ఆపితే తగ్గిపోయే రకం అది, అల్జీమర్స్ కాదు. మీకు అలా అనిపిస్తే చీటీ తీసుకుని మీ డాక్టర్ దగ్గరికే వెళ్లండి, మోతాదు మారుస్తారు లేదా వేరే మాత్ర రాస్తారు.