తాతగారి రైఫిల్, వెండి చెంచా

ప్రశ్న: మాది పెరంబూరు. మిలిటరీలో చేసిన మా తాతయ్య పోయాక ట్రంకుపెట్టెలో పాత రైఫిల్, ఒక కప్పు, కాడ మీద రెండు తుపాకుల బొమ్మ ఉన్న చెంచా దొరికాయి. రైఫిల్ మీద కిరీటం, జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1942 అని ఉంది. లైసెన్సు కాగితాలు లేవు. పాతవస్తువే కదా, దాచుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, జి.ఆర్.ఐ. అంటే అప్పటి చక్రవర్తి జార్జి ముద్ర. మీ రైఫిల్ బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ అయి ఉంటుంది. పాతదైనంత మాత్రాన పురావస్తువు కాదు. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా పేలని వాటికే. మీది పేలవచ్చు. పైగా 303 నిషిద్ధ బోరు, అంటే మామూలు లైసెన్సుతో ఉంచుకోకూడని గొట్టం కొలత. బోల్టు (తూటా ఎక్కించే గడియ) కదపకండి, ఆటోలో వేసుకుని బయల్దేరకండి. ముందు పోలీస్ స్టేషన్లో చెప్పండి, వాళ్లొచ్చి తీసుకుంటారు. అప్పగించినట్టు రసీదు తప్పక అడగండి. నంబర్లు, ముద్రలు ముందే ఫోటో తీసుకోండి, ఆ చరిత్ర మీదే.

నన్ను ఆపేసింది ఆ చెంచా! గురి పోటీల్లో గెలిచినవాళ్లకు చెంచాలివ్వడం బ్రిటిష్ కాలపు ఆనవాయితీ. 1985లో కాలిపోయిన మన మద్రాసు మూర్ మార్కెట్లో నేనూ ఒకటి కొన్నాను. చింతపండుతో మెరిసేదాకా తోమాను. పైపూత పోయి రాగిరంగు తేలింది, ఇప్పటికీ బాధే. మీ చెంచా వెనక ఇ.పి.ఎన్.ఎస్. (ఎలక్ట్రోప్లేటెడ్ నికెల్ సిల్వర్) అని ఉంటే అది వెండిపూత మాత్రమే. మెత్తని నూలుగుడ్డతో తుడవండి, చాలు. కప్పు మీద పేరు, పటాలం, సంవత్సరం ఉంటే నాకు రాసి పంపండి.